బేబీ అంటే నిద్రాణ ప్రజానీకం

మా బడిలో పద్యం దొరికితే చాలు, దాన్ని నాలుగు ముక్కలు చేసేవాళ్ళం. ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భం, విశేషం. పద్యం బాగుందా లేదా అన్నది పరీక్షలో అడగరు కాబట్టి మేమూ ఎవరినీ అడగలేదు. కవి పాపం ఏ ముసురు పట్టిన సాయంత్రమో నాలుగు మాటలు రాసుకుని ఉంటాడు. మేము ఆ నాలుగు మాటల్లోంచి రెండు పేజీల విశేషం పిండేవాళ్ళం. చదువు మొత్తంలో నాకు పట్టుబడిన విద్య అదొక్కటే. ఎనభైల మొదట్లో జహీరాబాదులో నేను దాన్ని ఇంగ్లీషు రాక్ పాటల మీద ప్రయోగించాను. పదకొండు పాటలకు అర్థాలు చెప్పాను. అందులో ఒక్కటైనా పూర్తిగా తెలిసి చెప్పానని మాత్రం నన్ను ఒట్టు పెట్టమనకండి.

ఇంటర్ చదవడానికి నేను రెండేళ్ళు హైదరాబాదులో ఉన్నాను. అక్కడ ఇంగ్లీషు మూడో దండయాత్రలో గట్టెక్కింది. ఆ సంగతి మా వైపు ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు చెవులు మూసే జుట్టుతో, నేల ఊడ్చే ప్యాంటుతో పాటు ఒక వాక్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నాను. హాస్టల్లో అట్ట చిరిగిన ఏదో పత్రికలో చదివాను దాన్ని. రాక్ పాటల్లో రాజకీయ, సామాజిక అర్థాలు ఉంటాయనీ, అవి పైకి కనిపించవనీ దాని సారాంశం. పైకి కనిపించవన్న మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. కనిపించని దాన్ని నేను చూశానంటే, చూడలేదని ఎవడు రుజువు చేస్తాడు?

మా నాయనకు కోహీర్ పక్కన చెరుకు, అల్లం పండే భూమి ఉంది. అందరూ ఆయన్ని పటేల్ అనేవారు, నన్ను చిన్న పటేల్ అనేవారు. నేను జహీరాబాదులో ఒక గది తీసుకుని పదో తరగతి తప్పిన పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ పెట్టాను. తిండికి కొదవ లేదు కాబట్టి అది తిండి కోసం కాదు, గౌరవం కోసం. బొంబాయి రోడ్డు మీద నడుస్తుంటే చాయ హోటల్లోంచి ఎవరో ఒకరు "ఇంగ్లీష్ సారు పోతున్నడు" అనాలి. అనేవారు కూడా. ఆ మాట వినడం కోసం నేను పని లేకపోయినా రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు మీద నడిచేవాణ్ణి.

పాటలు దొరికింది ఆ రోడ్డు పక్కనే ఉన్న ఒక దర్జీ దుకాణంలో. దుకాణం నడిపే మాస్టర్ సాబ్‌కు దుబాయిలో ఒక బావమరిది ఉండేవాడు. అతను సెలవుకు వచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డరూ, సంచెడు కవ్వాలీ క్యాసెట్లూ, వాటి మధ్య పొరపాటున ఒక ఇంగ్లీషు క్యాసెట్టూ తెచ్చాడు. దాని మీద దుకాణం ముద్ర తప్ప ఇంకేమీ లేదు. పాడినవాళ్ళెవరో మాకు తెలియదు. నాకు ఈరోజుకీ తెలియదు. మాస్టర్ సాబ్ ఒక పాట సగం విని, "వీనికి యాడనో నొస్తున్నట్టుంది. జర దవాఖానకు తీస్కపోతె బాగుండు" అని పక్కన పడేశాడు. నేను ఆ క్యాసెట్ చేతిలోకి తీసుకుని, "నొప్పే మాస్టర్ సాబ్. కాని వానిది కాదు, ప్రజలది" అన్నాను. ఆయన కత్తెర ఆపి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

అట్లా ఆదివారం పొద్దున నలుగురైదుగురం ఆ దుకాణంలో చేరడం మొదలైంది. దానికి అధ్యయన బృందం అని పేరు పెట్టాను. అధ్యక్షుణ్ణీ నేనే, వక్తనూ నేనే. నేను చెప్పిన అర్థాలను రెండు వందల పేజీల నోట్‌బుక్కులో రాయడానికి ఒక మిత్రుడు దొరికాడు. మా చేను పక్క పల్లె అతనిది. తండ్రి లేడు. తల్లి మా అల్లం చేనుకే కూలికి వచ్చేది. అతను డిగ్రీ ఒక్క దెబ్బకే పాసయ్యాడు, ఇంగ్లీషుతో సహా. చేతిరాత అచ్చు వేసినట్టుండేది. మొదట్లో నన్ను "చిన్న పటేలా" అని పిలిచేవాడు. బృందంలో అందరం సమానం కాబట్టి ఇక నుంచి "అన్నా" అనాలని నేనే హుకుం జారీ చేశాను. అతను నవ్వి సరేనన్నాడు.

మా పద్ధతి ఇది. మీట నొక్కి రెండు ముక్కలు వినిపించి ఆపేవాణ్ణి. కళ్ళు మూసుకుని, "రాసుకో తమ్మీ" అనేవాణ్ణి. రోడ్డు మీద లారీల రొదలో, ఆ వాయిద్యాల హోరులో, మాకు సాఫుగా వినబడే మాట ఒక్కటే, బేబీ. ప్రతి పాటలో ఏడెనిమిది సార్లు వచ్చేది. అన్నిసార్లు వచ్చే మాటకు అర్థం చెప్పక తప్పదు కదా. "బేబీ అంటే నిద్రాణ ప్రజానీకం. ఇంకా కండ్లు తెరవని జనం" అన్నాను. అన్నాక నాకే ఒళ్ళు జలదరించింది. అతను ప్రతిపదార్థం కింద పొందికగా రాసుకున్నాడు. ఓ బేబీ = ఓ నిద్రాణ ప్రజానీకమా; కమాన్ = మేలుకొనుము; యా యా యా = ప్రజల ఏకగ్రీవ ఆమోదము.

ఒక పాటలో మాటలు ఆగిపోయి గిటారు ఒక్కటే చాలాసేపు మోగింది. "ఈడ ఏం రాయాలె అన్నా?" అని అడిగాడు. నాకు ఏమీ తోచలేదు. తోచలేదని చెప్పడం నా జన్మలో లేదు. "మాట్లాడే హక్కు లేనోళ్ళ మాట అది. ఖాళీ ఇడిచిపెట్టు" అన్నాను. అతను సగం పేజీ ఖాళీ వదిలాడు.

ఇంకో ఆదివారం ఆరో పాట నడుమ పాడేవాడి గొంతు బరువెక్కింది. డ్రమ్ములు నెమ్మదించాయి. ఒక్కొక్క మాటా ఈడ్చుకుంటూ వచ్చింది. ఉద్యమం దెబ్బతిన్న తర్వాత వచ్చే నిరాశ అంటే ఇదేనని గుర్తుపట్టి నేను అరగంట మాట్లాడాను. మాట్లాడుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టర్ సాబ్ కాజాలు కుడుతూ అంతా విని, "సెల్లు అయిపోయినయ్ భాయ్" అన్నాడు. కొత్త సెల్లు వేయగానే పాట ఎగిరి గంతేసింది. రాయించిన నిరాశను కొట్టేయించడం నాకు నామోషీ అనిపించింది. అందుకని దాని కిందనే పునరుజ్జీవన దశ అని ఇంకో పేరా రాయించాను.

బృందంలో చీలిక కూడా వచ్చింది. ఎరువుల దుకాణం వాళ్ళ అబ్బాయి ఒకడు డ్రమ్ము పాలకవర్గమని వాదించాడు. డ్రమ్ము ప్రజలని నా అభిప్రాయం. రెండు ఆదివారాలు కొట్టుకున్నంత పని చేశాం. చివరికి అతను ఇద్దరిని వెంటబెట్టుకుని పోయి, పంక్చర్ దుకాణంలో అసలైన అధ్యయన బృందం పెట్టుకున్నాడు. వాళ్ళ దగ్గర టేప్‌రికార్డరు లేదు. అయినా అర్థాలు మాకంటే ఎక్కువే చెప్పుకున్నారని విన్నాను.

మాస్టర్ సాబ్‌కు రెండు బృందాల మీదా నమ్మకం లేదు. "ఏ ముల్కులనన్న మగోడు గింతగనం ఒర్లుతున్నడంటె పోరి సంగతే ఉంటది" అనేవాడు. ఆయనది వెనకబడిన చైతన్యమని నేను జాలిపడేవాణ్ణి. తొక్కి తొక్కి చిరిగిన నా ప్యాంటు అంచులు మాత్రం ఆయన చేతనే కుట్టించుకునేవాణ్ణి.

ఆ ఏడే మా మిత్రుడికి సర్కారు గుమాస్తా నౌకరి దగ్గరకొచ్చింది. పరీక్ష రాశాడు, లిస్టులో పేరు పడింది. ఇక మిగిలింది పోలీసు ఎంక్వయిరీ. మనిషి ఎట్లాంటివాడు, ఎవరితో తిరుగుతాడు, ఏం మాట్లాడతాడు అని అడిగి ఒక కాగితం రాస్తారు. ఆ కాగితం బాగుంటేనే ఆర్డరు. చంకలో ఎర్ర అట్ట పుస్తకం ఉంటే ఆపి అడిగే రోజులవి. వాళ్ళమ్మ మాత్రం నౌకరి వచ్చేసినట్టే సంబరపడింది. చేనులో ఎవరు పలకరించినా ఆమెది ఒకటే మాట. "గీ పంటతోని బంద్. మావోనికి ఆర్డర్ రాంగనె పార ఇసిరి కొడ్త." ఏళ్ళ తరబడి వంగి తవ్వీ తవ్వీ ఆమె నడుము నిలువుగా నిలబడడం మానేసింది. ఆ ఒక్క నౌకరి మీద ఇద్దరి బతుకు ఆధారపడి ఉందని నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను.

ఎంక్వయిరీకి వచ్చింది జమేదార్, అంటే హెడ్ కానిస్టేబుల్. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆయన కొడుకు నా దగ్గరే ట్యూషన్ చదివేవాడు. మా మిత్రుడు ఆదివారాలు అక్కడే ఉంటాడని తెలిసి ఆయన నేరుగా దర్జీ దుకాణానికి పోయి, పిలగాడు ఎట్లాంటోడని అడిగాడట. మాస్టర్ సాబ్ మా మిత్రుణ్ణి ఆకాశానికెత్తాడు. అంతటితో ఆగితే బాగుండేది. "నా మాటెందుకు సాబ్, ఐతారం వచ్చిందంటె పోరగాళ్ళు పత్తాలాడ్తరు. గీ పిలగాడు గీడ కూసొని రాస్తడు. ఎంత సక్కగ రాసిండో మీరే చూడున్రి" అని గుడ్డ తాన్ల కింద దాచిన నోట్‌బుక్ తీసి స్వయంగా ఆయన చేతిలో పెట్టాడు. మాస్టర్ సాబ్‌కు ఉర్దూ తప్ప చదవడం రాదు. ఆ ముత్యాల్లాంటి అక్షరాలే మంచి నడవడికకు సాక్ష్యమని ఆయన అనుకున్నాడు.

జమేదార్ తెరిచిన పేజీలో మూడో పాట తాత్పర్యం ఉంది. ఓ పాలకులారా, మీ గద్దెలు కదులుచున్నవి, ఈ రాత్రికే మేము వచ్చుచున్నాము. నిజానికి ఆ పాటలో నాకు వినబడింది టునైట్ అన్న మాట ఒక్కటే. మిగతాదంతా విశేషం.

నాకు కబురొచ్చింది. నేను పోయేసరికి జమేదార్ కళ్ళద్దాలు పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు, ఒళ్ళో నోట్‌బుక్ ఉంది. మా మిత్రుడు కుట్టు మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టర్ సాబ్ మడిచిన తాన్లనే మళ్ళీ మడుస్తున్నాడు.

"రాన్రి సారూ, కూసోన్రి" అన్నాడు జమేదార్. "మీరు ఇంగ్లీష్ సదివినోళ్ళు. నాకొక్క సంగతి ఫైసల్ చెయ్యున్రి. గీ మాటలు పాటల ఉన్నయా, లేవా? ఉన్నయంటె, ఎవడో దొర పాడిండు, పిలగాడు రాసుకున్నడు. దాంట్ల వీని తప్పు లేదు, మంచిగనే రాసి పంపుత. లేవంటె, గవి వీని సొంత మాటలు. గప్పుడు నేను కాయితం మీద పెట్టాలె."

అంత న్యాయమైన ప్రశ్న మా బృందంలో నన్ను ఎవరూ అడగలేదు. "పాటలనే ఉన్నయ్ సాబ్" అన్నాను.

"అయితె పెట్టున్రి. ఇందాం."

మాస్టర్ సాబ్ మీట నొక్కాడు. జమేదార్ ఒక వేలు ప్రతిపదార్థం మీద పెట్టుకుని, తల వంచి, మా బృందంలో ఎవరూ విననంత శ్రద్ధగా విన్నాడు. కాసేపటికి చేయెత్తాడు. "ఆపున్రి. బేబీ అన్నడు గదా. బేబీ అంటె ఏంది?"

"అంటే... నిద్రాణ..."

"నేను సికింద్రాబాద్‌ల ఆరేండ్లు పనిచేసిన సారూ. బేబీ అంటె నాకెరుకనే." కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. ఆ చూపులో వెక్కిరింత లేదు. ఉంటే నేను కొంచెం తట్టుకునేవాణ్ణి. "పోనీ మీరన్నట్టె అనుకుందాం. గీ ఎనక మాట కిస్ అన్నడు. నిద్రాణ ప్రజానీకాన్ని ముద్దు వెట్టుకుంటడా?"

సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని ఏదో గొణిగాను. ఆయన తల ఊపి పేజీ తిప్పాడు. "మరి గీ ముక్క ఏ మాటకు అర్థం? పక్కన ఇంగ్లీష్ మాట ఏం లేదు" అని పైకి చదివాడు. "అల్లం తవ్వేటోళ్ళ చేతులు ఏడాది పొడుగూత మండుతయి. వాళ్ళ ఇంట్ల చాయల అల్లం ఉండదు. పొద్దుగూకంగ గట్టు దిగేటప్పుడు పటేలు కొంగులు ఇప్పించి చూస్తడు."

అది నేను చెప్పింది కాదు. గిటారు కోసం నేను ఖాళీ వదలమన్న సగం పేజీలో అతను రాసుకున్నది. ఆ పటేలు మా నాయన. కూలి ఆడవాళ్ళ కొంగులు విప్పించి, అల్లం తునక ఏదైనా కట్టుకున్నారేమో చూడడం మా చేనులో రోజూ జరిగే పనే. నేనూ ఎన్నోసార్లు గట్టు మీద నిలబడి చూశాను. ఎక్కడో సముద్రాల అవతల పాడినవాడి కూతల్లో దోపిడీని కనిపెట్టిన నాకు, మా గట్టు మీద జరిగేది ఎన్నడూ కంటికి ఆనలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సిగ్గు కలగలేదు. కోపం వచ్చింది. నా నోట్‌బుక్కులో మా నాయన మీద రాస్తాడా అనుకున్నాను.

"చెప్పున్రి సారూ. గివన్ని పాటల ఉన్నయా?"

"అర్థాలు నేను చెప్పిన, పిలగాడు రాసిండు" అంటే సరిపోయేది. నాకు నౌకరీ లేదు, ఎంక్వయిరీ లేదు. పటేలు కొడుకును ఎవరూ ఏమీ చేయరు. మహా అయితే జమేదార్ కొడుకు ట్యూషన్ మానేస్తాడు, సారుకు ఇంగ్లీషు రాదట అని చాయ హోటల్లో పది రోజులు నవ్వుకుంటారు. ఆ పది రోజుల నవ్వు నేను పడలేననిపించింది.

"లేవు సాబ్" అన్నాను. "ఇది ఉత్త ప్రేమ పాట."

"మరి గీ రాతలు ఎవలివి?"

నేను టేప్‌రికార్డరు వైపు చూస్తూ కూర్చున్నాను. రోడ్డు మీద చెరుకు లోడుతో ఒక లారీ పోయింది.

"నావే సార్" అన్నాడు మా మిత్రుడు. "పటేలుకు ఇంగ్లీష్ వస్తది. నాకు సరిగ రాదు. నా మనసుల ఉన్నది రాసుకున్న."

అన్న అనలేదు, పటేలు అన్నాడు. నాకు ఇంగ్లీషు ఎంత వచ్చో అతనికి మొదటి ఆదివారమే తెలిసి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తెలిసే, నేను చెప్పినదల్లా తలవంచుకుని రాశాడు.

జమేదార్ నోట్‌బుక్ మూసి చాలాసేపు దాని అట్ట నిమిరాడు. "గిట్ల ఎవలన్న రాసి పెట్టుకుంటరా బిడ్డా? మనసుల ఉన్నది మనసుల్నే ఉంచుకోవాలె గాని" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. లేచి పోతూ నా దగ్గర ఆగి, "మీరు సాఫ్ చెప్పిన్రు. మావోన్ని కొట్టైన సరే మంచిగ సదివియ్యున్రి" అన్నాడు.

మరుసటి ఆదివారం నేను దుకాణానికి పోతే మాస్టర్ సాబ్ క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో పటేలా" అన్నాడు. కూర్చోమనలేదు. బృందం అంతటితో ముగిసింది. ట్యూషన్‌కు మాత్రం పిల్లలు పెరిగారు. ఇంగ్లీషు పాటను సాఫుగా విడమరిచి చెప్పిన సారని జమేదారే నలుగురికీ చెప్పాడట. నేను మళ్ళీ బొంబాయి రోడ్డు మీద రోజుకు రెండుసార్లు నడిచాను. మా మిత్రుడు కొన్ని వారాలు చూసి, ఆర్డరు రాదని తేల్చుకుని, బొంబాయి పోయే లారీ ఎక్కాడు. పోయేముందు నన్ను కలవలేదు. కలుస్తాడేమోనని నేను రెండు రోజులు గది తలుపు వేసుకుని కూర్చున్నాను.

అతను పోయిన నెలకు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడి కవరు చాచింది.

"చిన్న పటేలా, సర్కారు కాయితం వచ్చింది. మావోడు లేకపాయె. ఇంగ్లీష్‌ల ఉన్నదట. జర అర్థం చెప్పు."

ఉత్తరం నాలుగు పంక్తులే. అందులో నాకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు. పోలీసు విచారణ నివేదికను బట్టి మీరు ఈ ఉద్యోగానికి తగరని నిర్ణయించడమైనది.

"నౌకరి ఇయ్యరట" అన్నాను.

ఆమె మెట్టు మీద చేయి ఊనుకుని మెల్లగా కింద కూలబడింది. తర్వాత, "మావోడేం తప్పు చేసిండు పటేలా?" అని అడిగింది.

"వాడేం చెయ్యలే."

"మరి ఎవలు చేసిన్రు?"

నాకు నోరు పెగలకపోవలసిన చోటు అది. పెగిలింది. "ఈ వ్యవస్థే చేసింది అవ్వా" అన్నాను. "పేదోడు ఆలోచన చేస్తె ఓర్వని వ్యవస్థ ఇది." అక్కడ ఆగలేదు. ఇంకా చాలా చెప్పాను. ఆమె మధ్య మధ్య తల ఊపుతూ, నేను చెప్పినంతసేపూ ఓపికగా వింది.

"నాకేం తెలుస్తది కొడుకా. నువ్వు సదువుకున్నోనివి" అంది చివరికి. "గిప్పుడు చెప్పినవ్ గదా, గవ్వన్ని ఒక దరఖాస్తు రాసియ్యి. సర్కారుకు పంపుత. ఇయ్యకపోతె పాయె, అడుగుత."

రాశాను. ఆమెను అక్కడే కూర్చోబెట్టి, నిఘంటువు ముందు పెట్టుకుని, ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాశాను. సామాజిక న్యాయం గురించి రాశాను, రాజ్యాంగం గురించి రాశాను, శ్రమించే తల్లుల గురించి అయితే ఒక పేజీ నిండా రాశాను. ఆ అర్థాలు చెప్పింది నేను, అతను రాశాడంతే అన్న ఒక్క ముక్క రాసి ఉంటే ఆ నాలుగు పేజీలు అక్కర్లేదు. ఆ ముక్క రాయలేదు. చదివి వినిపించమంటే చదివాను, తెలుగులో తాత్పర్యం కూడా చెప్పాను. "సల్లగుండు కొడుకా, మా కోసం ఎంత కష్టపడ్డవ్" అని ఆమె బొటనవేలికి సిరా పూయించుకుని, నేను చూపించిన చోట వేలిముద్ర వేసింది.